పల్లవి పడిన ఇల్లు

కొత్తగూడ,
27 జూన్ 1948

చి. సౌ. కనకలక్ష్మిని మేనమామ లింగమూర్తి దీవించి రాస్తున్న సంగతులు:

ఇక్కడ అందరమూ క్షేమమని రాయడం మర్యాద గనుక రాశాను. నోరు విప్పేవాళ్లు లేని ఇంట్లో ఎవరు క్షేమమో ఎవరు కాదో కనుక్కోవడం దేవుడికే కష్టం.

"అంత పేరున్న మనిషి ఇంట్లో ఎలా ఉంటారండీ" అని మీ అత్తగారు అడిగారని రాశావు. ఆమెకు ఈ కాగితం చదివి వినిపించు. మద్రాసులో గాని మైసూరులో గాని బాలనర్సయ్యగారి కీర్తన ఒక్కటైనా లేకుండా కచేరీకి మంగళం పాడరట. ఆ బాలనర్సయ్యగారు, అంటే మీ నాయన, నిన్న పొద్దున బర్రెకు పెట్టిన కుడితిని జావ అనుకుని రెండు గుటకలు వేశాడు. బర్రె చూసి ఊరుకుంది. ఇంటి పద్ధతి దానికి కూడా తెలుసు.

అవునమ్మా, పల్లవి పడింది. ఏరువాక పున్నమి నాడు కొట్టం ముందు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కళ్లు మూశాడు. తొడ మీద వేళ్లు ఆడాయి. మీ అమ్మ నీలమ్మ మూతి మీద వేలు పెట్టుకుంది. అంతే, ఇల్లు మూగపోయింది. మీ అత్తగారికి విడమరచి చెప్పు: ఆయన కాగితం మీద రాయడు. పల్లవి మొదలు ఆఖరి చరణం దాకా తలలోనే కడతాడు. కాకి అరిచినా, పక్కింట్లో వడ్లు దంచినా ఫరవాలేదు. మనిషి మాట చెవిన పడితే మాత్రం కట్టిందంతా కూలిపోతుంది. పాట అయ్యాక వంటింటి గడప ముందు నిలబడి ఒక్కసారి మొత్తం పాడతాడు. మీ అమ్మ తలుపుకు ఆనుకుని వింటుంది. విని "ఊ" అంటుంది. ఆ ఊతో పాట పూర్తయినట్టు, మా నోళ్లు మాకు తిరిగి వచ్చినట్టు. పండితుల మెప్పులూ బిరుదులూ ఆ తర్వాతి మాట.

అందాకా సైగలే. ఉప్పుకు రెండు వేళ్లు, మజ్జిగకు కవ్వం తిప్పినట్టు చెయ్యి, చుట్టం వస్తే తలపాగా చుట్టినట్టు, పాము వస్తే పడగ. నడుం పక్కన చెయ్యి ఆనిస్తే బిందె, అంటే నీళ్లు తెమ్మని. ఈసారి మీ అమ్మకు నీళ్ల పిచ్చి పట్టింది. పొద్దున లేస్తే నడుం మీద చెయ్యే. నేను బావికి పోతాను. తెచ్చి దింపేసరికి మళ్లీ చెయ్యి. గోలెం నిండింది, గాబు నిండింది, చోటు లేక రోట్లో కూడా పోశాను. అరవై దాటినవాణ్ణి నీళ్లు మోయించి చంపుతుందా అని గుర్రుగా చూస్తే నవ్వుతుంది. ఆమె మాత్రం గుక్కెడు మజ్జిగ తప్ప ఏమీ పుచ్చుకోదు. ఏం ఉపవాసాలో!

మొన్న పట్నం రేడియోవాళ్లు మోటారులో హారన్ కొట్టుకుంటూ వచ్చారు. మీ అమ్మ చేతులూపుతూ ఎదురు ఉరికింది గాని సగం దారిలో బండ మీద కూలబడింది, ఎండకు కాబోలు. నేను పోయి సైగ చేశాను. నన్ను చెవిటివాడనుకుని ఆ పెద్దమనిషి నా చెవిలో నోరు పెట్టి అరవబోయాడు. చెయ్యి పట్టుకుని పాలు పోసే పోచయ్య పాక దాకా లాక్కుపోయి, అక్కడ "మా బావ ఉన్నడు గని లేడు సారూ" అన్నాను. మూగవాడు మాట్లాడేసరికి ఆయన హడలిపోయి దండం పెట్టాడు. ఈ ఊళ్లో ఏదో మహిమ ఉందని పట్నంలో చెప్పుకుంటున్నాడేమో.

నీకు ఆరో నెల. బరువులెత్తకు. నీ ఉత్తరాల్లో అండీలు ఎక్కువయ్యాయి, అవి కూడా కొంచెం దించు.

మూగింటి ముసలివాడు,
లింగమూర్తి

*

బెజవాడ,
8 జులై 1948

మామయ్యగారికి కనకలక్ష్మి నమస్కారాలు.

మీ ఉత్తరం అత్తగారికి చదివి వినిపించాను. కుడితి దగ్గర ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు బియ్యం ఏరుతుంటే చేతులు ఆగిపోయాయి. గాబు నిండాక కూడా అమ్మ నీళ్లు ఎందుకు అడుగుతుంది మామయ్యా?

ఆమె నీళ్లు అడగడం లేదు. నడుం పట్టుకుంటోంది.

నేను ఆ ఇంట్లో పుట్టాను. మాటలకంటే ముందు సైగలు నేర్చుకున్నాను. నొప్పికి మన ఇంట్లో సైగ లేదు. నన్ను తేలు కుట్టిన రోజు అమ్మ నా నోట్లో కొంగు కుక్కి, తను కూడా ఏడుస్తూ, చప్పుడు లేకుండా మందు రాసింది. నాన్న పక్క నుంచే నడిచి వెళ్లారు.

ఇక్కడ పక్కింటి భాగ్యమ్మగారికి ఇలాగే పక్కలో నొప్పి, తిండి సహించకపోవడం. డాక్టరమ్మ కోసి లోపలి గడ్డ తీసేశారు. ఇప్పుడు ఆవిడ కాలవ నుంచి బిందెలు మోస్తున్నారు. ఇంకా ఆలస్యమైతే చెయ్యగలిగేది లేకపోయేదని డాక్టరమ్మ అన్నారట.

అమ్మను ఇంటి వెనక రాతి గుండ్ల చాటుకు తీసుకెళ్లి నోటితో అడగండి. నా పురిటికనే వంక పెట్టి బెజవాడ పంపండి, మిగతాది నేను చూసుకుంటాను. నేనే వద్దును గాని ఈ కడుపుతో, ఈ గొడవల్లో, సరిహద్దు దాటే రైలుబండి ఎక్కనివ్వడం లేదు ఇంట్లో. ఆ బండి కూడా ఒకరోజు ఉంటే ఒకరోజు ఉండటం లేదు.

జవాబులో కథలు తగ్గించి అమ్మ సంగతి రాయండి.

మీ కనకలక్ష్మి

*

కొత్తగూడ,
25 జులై 1948

అమ్మా కనకలక్ష్మీ, నీకు శుభం కలగాలి.

నువ్వన్నదే నిజం. నేను బడి గడప తొక్కనివాణ్ణి. కోమటి కొట్టు పొట్లాలు విప్పి అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే నాకు ఏ సంగతైనా సగమే తెలుస్తుంది, తక్కిన సగం ఇంకెవరి ఇంటి పొట్లంలోనో ఉంటుంది. ముంగిట్లో తిరిగే నా చెల్లెల్ని కూడా అట్లాగే చదివాను.

గుండ్ల చాటుకు తీసుకుపోయి అడిగాను.

"ఎప్పటిసంది చెల్లె?"

"ఉగాది సంది."

"మరి నాకు చెప్పవైతివి?"

"చెప్తే ఏం జేస్తవన్నా? లొల్లి జేస్తవు. గింత నొప్పికి ఆయన పాట ఇరగ్గొట్టాల్నా?"

"గింత నొప్పా? అద్దంల మొకం జూస్కున్నవా?"

"అద్దంల జూస్కునే ఈడా నాది?" అని నవ్వబోయి, సగంలో వంగిపోయి బండను పట్టుకుంది.

నార్సింగి నుంచి వైద్యుడు పెంటయ్యను పిలిపించాను. ఇంట్లో మాట్లాడొద్దని ముందే చెప్పాను. నాలుక చూపించమనడానికి ఆయనే నాలుక బయటపెట్టాడు. ఊపిరి పీల్చమనడానికి ఆయనే బుసకొట్టాడు. ఎవరు రోగియో ఎవరు వైద్యుడో తెలియకుండా పోయింది. నవ్వు ఆపుకోలేక మీ అమ్మ కొంగు కప్పుకుంది. పక్కలో వేలు పెట్టి నొక్కగానే ఆ కొంగు నోట్లోకి పోయింది. బయటికొచ్చాక పెంటయ్య ముఖంలో నవ్వు లేదు.

"లోపల గడ్డ ఉన్నది లింగమూర్తీ. నా కషాయానికి కరగది. కోసుడే. పట్నం గొంచవోతవో, బెజవాడనే గొంచవోతవో, జల్ది గొంచవో."

ఈ మాట మీ నాయనతో చెప్పేస్తానన్నాను. నీలమ్మ నా చేత చేతిలో చెయ్యి వేయించుకుంది, పాట అయ్యేదాకా చెప్పనని. ఎందుకో నీకు తెలియదు, నువ్వు పుట్టకముందు మాట. పెద్ద జ్వరాల ఏడు మీ నాయన పాట మధ్యలో ఉండగా మణికొండ నుంచి ఒకడు "మీ తల్లి పోయింది" అని అరుచుకుంటూ వచ్చాడు. పాట పోయింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండేళ్లు. నీలమ్మ అన్నం కలిపి నోట్లో పెడితే మింగేవాడు, పెట్టకపోతే లేదు.

"గా రెండేండ్లు ఆయనకు యాదిలేవన్నా, నాకున్నయి. ఇంకోపాలి నాతోని గాదు. ఒక్క చరణమే మిగిలింది. గదైతే నేనే చెప్త, నేనే నడుచుకుంట బెజవాడ వోత."

ఒక్క చరణమే గదా అని నేనూ ఒప్పుకున్నాను.

నీ మామ,
లింగమూర్తి

*

బెజవాడ,
7 ఆగస్టు 1948

మామయ్యా,

నమస్కారాలు ఇంకో ఉత్తరంలో రాస్తాను.

ఆవిడ చెయ్యి వేయించుకుంటే మీరు వేశారా? వైద్యుడు తొందరగా తీసుకుపొమ్మంటే మీరు చరణాలు లెక్కపెడుతున్నారా? నాన్నకు కోపం వస్తే ఆ ఇంట్లో మీ కంచం ఎత్తేస్తారని భయమా? ఇన్నేళ్లు అక్కడ కూర్చుని తింటున్నారు కనుక అనుమానం వస్తోంది.

ఆయన ముందుకు వెళ్లి, "నీ భార్య చచ్చిపోతోంది" అని చెవిలో అరవండి. పాట పోతే పోనివ్వండి. ఆయన పాటలు వందున్నాయి, లోకం వాటితో సరిపెట్టుకుంటుంది. నాకు అమ్మ ఒక్కతే. ఆయన గోడవైపు తిరిగితే తిరగనివ్వండి, ఈసారి అన్నం నేను కలిపి పెడతాను.

డాక్టరమ్మతో మాట్లాడాను. ఎప్పుడు తెచ్చినా చూస్తామన్నారు. ఆ "ఎప్పుడు" ఎంతకాలం ఉంటుందో ఆవిడకూ తెలియదు.

కనకలక్ష్మి

*

కొత్తగూడ,
23 ఆగస్టు 1948

కోపంలో ఉన్న మేనకోడలికి, కోపం లేని మామ దీవెనలు.

కూర్చుని తినేవాణ్ణేనమ్మా. ఆ గాబు ఎవరు నింపారో నువ్వు లెక్కలోకి తీసుకోలేదు, పోనీ.

నీ ఉత్తరం అందిన రోజునే పోయి మీ నాయన ముందు నిలబడ్డాను. నోరు తెరిచాను. వంటింట్లో నుంచి నీలమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి, ఆయన వెనక నిలబడి, నాకు రెండు చేతులూ జోడించింది. మన ఇంటి సైగల్లో దానికి వేరే అర్థం లేదు, అది ఉట్టి దండమే. చిన్నప్పుడు జామకాయ లాక్కుంటే నా వీపు మీద పిడిగుద్దులు గుద్దిన పిల్ల, నాకు దండం పెట్టింది. నోరు మూసుకున్నాను. ఇందుకు నన్ను ఇంకా ఏమైనా అనదలచుకుంటే అను.

అసలు సంగతి విను. రాఖీ పున్నమి నాడు పాట అయిపోయింది. మీ నాయన కళ్లు తెరిచి, కాళ్లు కడుక్కుని, వంటింటి గడప ముందుకు వచ్చాడు. నేను ఆ ముందు రోజు నుంచే పోచయ్యతో మాట్లాడి పెట్టుకున్నాను. ఎడ్లబండి వీధిలో సిద్ధంగా ఉంది, అందులో గడ్డి పరిచి బొంత వేయించాను. ఆమె ఊ అనడం, నేను చెప్పేయడం, బండి కదలడం. అంతా అనుకున్నట్టే ఉంది.

ఆయన పాడాడు. నాకు శాస్త్రం తెలియదు. బయట పోచయ్య ఎడ్ల పగ్గం వదిలేసి నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

నీలమ్మ తలుపుకు ఆనుకుని విన్నది. ఊ అనలేదు. తల అడ్డంగా ఊపింది.

నలభై ఏళ్ల కాపురంలో ఇది ఎన్నడూ లేదు. మీ నాయన ఆమెను చాలాసేపు చూశాడు. పిల్లవాడు పంతులుకు తల ఊపినట్టు ఊపి, మళ్లీ వాకిట్లోకి పోయి కళ్లు మూసుకున్నాడు. ఇల్లు మళ్లీ మూగపోయింది. బండి వెనక్కి పంపేశాను.

ఏం లోపం వినిపించిందో ఆమెకు. రోగం ఒంటిది గాని చెవిది కాదు గదా. ఇంకొకరి పాటల్లో పెద్ద పెద్ద విద్వాంసులు పట్టలేనివి ఆమె పట్టింది ఇదివరకు. ఇంత బాధలో కూడా చరణం సరిగా రావాలనుకున్నది చూడు. సవరించడానికి ఎక్కువ పట్టదనే అనుకుంటున్నాను. పోచయ్యను ఊరు దాటి పోవద్దన్నాను.

మామ

*

బెజవాడ,
3 సెప్టెంబరు 1948

మామయ్యా,

పాటలో లోపం లేదు.

ఊ అంటే మీరు చెప్పేస్తారు. చెప్పేస్తే నాన్నకు తెలిసిపోతుంది, మళ్లీ గోడవైపు తిరుగుతారు. అందుకే అనలేదు. నాన్న పాటలో ఉండగానే, ఆయనకు తెలియకుండానే, వెళ్లిపోదామని చూస్తోంది. అది కూడా చప్పుడు లేకుండా. మీరు ఆవిడ చెవిని మెచ్చుకుంటూ బండి వెనక్కి పంపేశారు.

ఈసారి దండం పెట్టినా కాళ్లు పట్టుకున్నా ఆగకండి. పాట ఆ రోజే అయిపోయిందని, ఆమె అబద్ధమాడిందని నాన్నతో చెప్పండి. పూర్తయిన పాట మాట తగిలి కూలదు కదా, ఇంక దేనికి భయం?

మా ఆయన సెలవు పెట్టారు. ఆదివారం బండికి బయలుదేరతారు. అమ్మను ఆయన వెంట పంపండి. నాకు నెలలు నిండాయి, లేకపోతే నేనే వచ్చేదాన్ని. మీ మీద అన్న మాటలు మనసులో పెట్టుకోకండి. పెట్టుకున్నా సరే, అమ్మను మాత్రం పంపండి.

కనకలక్ష్మి

*

కొత్తగూడ,
7 అక్టోబరు 1948

అమ్మా కనకలక్ష్మీ,

నీ మూడో తేదీ ఉత్తరం ఇవాళ అందింది. సైన్యం వచ్చి, రాజ్యం మారి, తపాలా మళ్లీ నడిచాక. మీ ఆయన రాలేదంటే బండి నడవలేదనే అనుకుంటున్నాను. నేను వేసిన కార్డు నీకు అందిందో లేదో తెలియదు. అందకపోతే ఇక్కడ ఆగి, ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకో.

మీ అమ్మ లేదు. చవితి వెళ్లిన వారంలో పోయింది. ఆ ముందు రోజు జ్వరం మీదికొచ్చింది. పోచయ్య దగ్గరికి ఉరికాను. పట్నం దారిలో జనం మూటలు నెత్తిన పెట్టుకుని పోతున్నారు, పోచయ్య ఎడ్లను ఎవరో తోలుకుపోయారు. పోచయ్య పెళ్లాం చంద్రమ్మ వచ్చి నీలమ్మ తల ఒళ్లో పెట్టుకుంది. పొద్దున వంటింటి తలుపు దగ్గర కూర్చోబెట్టమని సైగ చేస్తే అక్కడ ఆనించాం. అట్లాగే పోయింది.

మేమింకా ఆమె పక్క నుంచి లేవకముందే మీ నాయన వాకిట్లో నుంచి వచ్చాడు. గడప ముందు నిలబడి, కళ్లు మూసుకుని, పాట మొత్తం పాడాడు. నేను ఆపలేకపోయాను తల్లీ. చంద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పాడి, ఊ కోసం ఆగాడు. చాలాసేపు ఆగాడు. తర్వాత కళ్లు తెరిచాడు.

ఊరి ఆడవాళ్లు వచ్చారు. పాట ముగియని ఇల్లని అందరికీ తెలుసు, ఎవరూ గొంతెత్తలేదు. చావింట్లో ఏడుపు లేకుండా మోసుకుపోయాం. ఆనాటి నుంచి ఆయన మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఆయన వాకిట్లో నడుస్తాడు, నేను అరుగు మీద కూర్చుంటాను.

ఇవాళ నీ ఉత్తరం చదివి, లేచిపోయి ఎదురుగా నిలబడ్డాను. ఆపడానికి ఎవరూ లేరు.

"బావా, పాట రాఖీ పున్నమి నాడే అయిపోయింది. చరణంల లోపం లేకుండె. చెల్లె నీతోని అబద్ధమాడింది."

"నాకెరికె" అన్నాడు.

"ఏమెరిక?"

"లోపం లేదని ఎరికె. నేను కట్టిన పాట నాకు ఎరిక గాదా బావా? నలభై ఏండ్లల్ల ఎన్నడన్న మళ్ల పాడుమన్నదా? అన్నిటికి ఒక్క ఊనే. గా దినం తల అడ్డం ఊపింది. ఇంకోపాలి ఇనాలనుందేమో, నోరు తెరిచి అడగనీకి సిగ్గయి గిట్ల జేస్తుందనుకున్న. మస్తు సంబరమైంది. చరణం ఏం మార్చలే. ఊకనే నడిచిన. జర ఆలిశెం జేస్తే ఇంకింత ఇష్టంగ ఇంటదని ఊకనే నడిచిన."

ఆయనే, "ఏం రోగముండె?" అని అడిగాడు. ఉగాది నుంచి అంతా చెప్పాను. విన్నాడు. మొదటి నుంచి మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను.

ఇప్పుడు ఈ ఇంట్లో ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం, మాట దొరకలేదు. గోడవైపు తిరిగినా నయమే అనుకున్నాను, తిరగలేదు. వంటింటి తలుపువైపే చూస్తున్నాడు. అన్నం ముట్టడు. నాకు వండటం రాదు, అది వేరే సంగతి. ఆయన్ని ఏం చెయ్యాలో తోచడం లేదు. నువ్వు ఏం చెప్తే అది చేస్తాను.

లింగమూర్తి

*

బెజవాడ,
19 అక్టోబరు 1948

మామయ్యకు,

కార్డు అందలేదు. మీ ఉత్తరంతోనే తెలిసింది. అప్పుడు నేను పిల్లకు పాలిస్తున్నాను. ఆడపిల్ల. నెల దాటింది. అమ్మ పోయిన రోజునే పుట్టిందేమోనని అత్తగారు పంచాంగం తీయబోతే వద్దన్నాను.

నాన్న మీద నాకు జాలి రావడం లేదు. వస్తుందేమోనని రెండు రోజులు ఆగి ఈ ఉత్తరం రాస్తున్నాను. రాలేదు.

ఆయన్ని ఇక్కడికి తీసుకురండి. మీరూ వచ్చేయండి. మా రైల్వే ఇళ్లు యార్డు పక్కనే. పగలంతా ఇంజన్లు, కూలీల కేకలు, గోడకవతల అత్తాకోడళ్లు. ఇక్కడ ఆయనకు పల్లవి పడదు. పడకూడదు. ఈ ఇంట్లో ఎవరూ ఆయన కోసం నోరు మూసుకోరు. నా పిల్లను అసలే మూసుకోనివ్వను. ఇక్కడ ఎవరికి తల నొప్పి వచ్చినా, కడుపు నొప్పి వచ్చినా వీధి చివరిదాకా వినబడేలా చెప్పుకుంటారు.

ఆయన్ని కూర్చుని అవన్నీ విననివ్వండి.

కనకలక్ష్మి